సన్యాసిరాజు మేడ మీదుగా వచ్చిన తీగ

యారాడ,
శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు

బావకి రాధ రాసేది.

ఇక్కడ మావయ్య, నూకాలు, నేను ముగ్గురం బాగున్నాం. నువ్వు, మీ పడవ, పడవలో నీతోటి వాళ్ళు, ఆ పోర్ట్ బ్లెయిర్ రేవులో నీ కంచంలో సగం తినే కుక్క, అందరూ చల్లగా ఉండాలని గంగమ్మతల్లికి రోజూ చెప్పుకుంటున్నాను. ఆ తల్లికి మొహం చూపించడానికి ఈమధ్య కొంచెం జంకుగానే ఉంది. ఎందుకో తర్వాత రాస్తాను.

జోగమ్మ పిన్ని ఓడ దిగిన రోజే నీ ఉత్తరం తెచ్చి ఇచ్చింది. సంచిలో కొబ్బరికాయల కింద పెట్టినట్టుంది, కాగితమంతా నూనె వాసన. వీడియోలో మొహాలు చూసుకుంటూ ఇంకా ఉత్తరాలేంటని వెక్కిరించింది. నేను నవ్వి ఊరుకున్నాను. వారాల తరబడి సిగ్నల్ లేని నీళ్ళ మీద ఉండేవాడికి జేబులో ఓ కాగితం ఉంటే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు? పైగా కొన్ని మాటలు ఫోన్లో నోటికి రావు. వీడియోలో అయితే పక్కన పిల్ల ఉంటుంది, నా చేతుల్నీ మొహాన్నీ చదివేస్తుంది. అందుకని ఇది రాస్తున్నాను. పిన్ని మళ్ళీ ఓడెక్కేది ఎల్లుండి.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం దాటింది. నూకాలు వసారాలో చాప మీద నిద్రపోతోంది. రేవులోకి వెళ్ళడానికి వంతు కోసం ఓడలు దూరంగా నిలబడి ఉన్నాయి. పొద్దుటి నుంచి చూస్తున్నాను, ఒక్కటీ కదల్లేదు. ఎండకి నీళ్ళూ ఆకాశమూ ఎక్కడ కలిశాయో తెలియడం లేదు, ఓడలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఇలాంటప్పుడు నువ్వు ఎక్కడో దూరాన లేవనీ, ఆ ఓడల్లో దేని వెనకాలో ఉన్నావనీ, గట్టిగా పిలిస్తే తిరిగి చూస్తావనీ అనిపిస్తుంది. పిచ్చి అనుకో.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను. మావయ్య దగ్గు తగ్గింది. చుట్ట మానేశానని నీకు చెప్పాడట కదా. మానేశాడు, ఇంట్లో. రేవులో పడవ చాటుకి వెళ్తే అక్కడి నుంచి పొగ లేస్తూ ఉంటుంది. నేను చూడనట్టు ఊరుకుంటున్నాను. వంటింటి మీద రేకు మార్పించాను, ఇక వాన పడితే గిన్నెలు పరచక్కర్లేదు. నూకాలు బడికి బాగానే వెళ్తోంది. పట్నంలో వాళ్ళ టీచరమ్మ మొన్న నన్ను పక్కకి పిలిచి, మీ అమ్మాయి చేతులు ఒక్క క్షణం ఊరుకోవు, పాఠం మధ్యలో పక్కపిల్లతో ఒకటే కబుర్లు అంది. చెవులు వినబడని పిల్లల బడిలో చేరి ఏడేళ్ళకే వాగుడుకాయ అనిపించుకోవడం మన నూకాలుకే చెల్లింది. అంతా నీ పోలికే.

ఇక అసలు ప్రశ్న. ఏ కంపెనీ నెట్ పెట్టించావు, ఇంత తేటగా ఎలా వస్తోంది, మన సందులోకి సన్యాసిరాజు మేడ మీదుగా తీగ ఎలా వెయ్యనిచ్చాడు, అని మూడూ ఒక్క వాక్యంలో అడిగావు. చివరి ముక్క అడక్క మానవని నాకు తెలుసు. దాని జవాబు కూడా చివరే రాస్తాను. ముందు మొదట్నుంచీ చెప్పనీ, లేకపోతే నీకు నా మీద కోపం తప్ప మరేమీ మిగలదు.

కొండ వెనకాల ఊరు మనది. ఫోన్ సిగ్నల్ కొండ దిగి వచ్చేసరికి అలిసిపోతుంది. మాట వినబడితే చాలనుకునే వాళ్ళకి అదైనా సరిపోతుంది. మన పిల్లకి మాట చేతుల్లో ఉంది. బొమ్మ ఆగిందా, మాట ఆగిపోయినట్టే. నువ్వు వెళ్ళిన కొత్తలో చూశావుగా, నువ్వేదో చెబుతూ ఉంటే సగంలో చెయ్యి గాలిలో నిలిచిపోయేది, మళ్ళీ కదిలేసరికి కబురు అయిపోయేది. అందుకే దసరా వెళ్ళాక ఇంట్లో నెట్ పెట్టించాల్సిందే అనుకున్నాను.

ఎన్ని కంపెనీల వాళ్ళకి ఫోన్ చేశాననుకున్నావు! ఎవర్ని అడిగినా ఒకటే పాట, సినిమాలు ఆగకుండా వస్తాయమ్మా, క్రికెట్ ఆగకుండా వస్తుందమ్మా అని. మా ఇంట్లోకి వచ్చేది కాదు బాబూ, మా ఇంట్లోంచి బయటికి పోయేది ఎంత వేగంగా పోతుందో చెప్పండి అంటే ఒకమ్మాయి ఫక్కున నవ్వేసింది. మీరేం పంపుతారమ్మా అంది. మా పిల్ల చేతులు పంపాలి అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపేసి, లైన్లో ఉండమని లోపల ఎవర్నో అడిగి వచ్చింది. వచ్చే వేగం, పోయే వేగం రెండూ వేరని, బేరం ఆడేటప్పుడు వచ్చేదే చెబుతారని, పోయేది దానిలో పదో వంతు కూడా ఉండకపోవచ్చని ఆ రోజు నాకు తెలిసింది.

అప్పట్నుంచి ఎవరొచ్చినా వాళ్ళు చూపించే అంకెలు నమ్మడం మానేశాను. నా పరీక్ష నాకుంది. ఆనందపురంలో మా అక్క కాసులమ్మకి వీడియో కలుపుతాను. నూకాలు అక్కతో చేతులతో ఏదో ఒక మాట చెబుతుంది. అదేమిటో అక్క నాకు నోటితో చెప్పాలి. సరిగ్గా చెబితే ఆ నెట్ పాసు. ఇంత తేలిక.

మొదట గాలిలోంచి నెట్ పట్టే డబ్బా ఒకటి తెచ్చి కిటికీలో పెట్టారు. నూకాలు, వంకాయ కూర వద్దు, చేపల పులుసు కావాలి అని చెప్పింది. అక్క కళ్ళు చిట్లించి చూసి, "పిల్లి సచ్చిపోనాదా? ఏ పిల్లే?" అంది. మావయ్యకి పౌరుషం వచ్చింది. డబ్బా చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. సముద్రం మీద చేప ఉండే చోటు ఎలా వెతుకుతారో అచ్చం అలాగే వెతికాడు బావా. ఒక గుర్తు వెనక ఇంకో గుర్తు కలుపుకుంటూ నాలుగడుగులు అటు, రెండడుగులు ఇటు. చివరికి పెరట్లో బట్టలుతికే బండ ఎక్కి నిలబడ్డాడు. నీళ్ళ ట్యాంకు ఎడమ అంచుకి వంకర కొబ్బరిచెట్టు ఆనుకోవాలి, కుడివైపు గుడి జెండా మన చూరు మీదుగా రావాలి, అక్కడ ఉంటుందిట సిగ్నల్. నిజంగానే ఉంది! కానీ ఏం లాభం, నాన్నతో మాట్లాడాలంటే పిల్ల ఎండలో ఉతుకుడు బండ ఎక్కాలి. వెదురుకి కట్టి ప్లాస్టిక్ సంచి తొడిగాం. నెల తిరక్కుండా ఉప్పుగాలికి దాని ప్రాణం పోయింది.

తర్వాత కొండ మీద నుంచి జీడితోటల గుండా తీగ లాగి ఇచ్చేవాళ్ళు వచ్చారు. ఆ నెట్ మొదటి వారం పరవాలేదు. అక్క నాలుగు మాటల్లో మూడు చెప్పింది. తర్వాత కోతులు దాన్ని ఉయ్యాల చేసుకున్నాయి. ఒకరోజు పొద్దున తీగ తెగి పెరట్లో పడి ఉంది. నేను ఫోన్ చేసి మనిషి కోసం ఎదురు చూస్తున్నాను. ఈలోగా మావయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ముడి వేసేశాడు. వల తెగితే వేసే ముడి, ఏనుగు లాగినా ఊడదు. లైన్‌మ్యాన్ వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సెల్లు తీసి ఫోటో కొట్టుకున్నాడు. "లోపల గాజు ఉంటాది తాతా, ఎంటికంత సన్నంగా. ఇరిగిపోనాది," అన్నాడు పాపం మెల్లిగా. మావయ్య మాత్రం తన తప్పు ఒప్పుకోలేదు. తీగలో గాజు పెట్టేవాడిది ఏం తెలివని సాయంత్రం దాకా సణిగాడు. నూకాలు మాత్రం ఆ ముడి ముక్కని కోసి దాచుకుంది.

ఇదంతా నీకు వీడియోలో నవ్వుతూ చెప్పాను, నువ్వూ నవ్వావు. నీకు చెప్పనిది ఒకటుంది.

నూకాలు చేతుల్లో నీ పేరేమిటో నీకు తెలుసు కదా. గేలం గుచ్చుకుని నీ గడ్డం కింద పడిన మచ్చ ఉంది చూడు, తన గడ్డం కింద వేలితో అలా గీత గీస్తే నాన్న అని. మాటలు నేర్వకముందే అది తనంతట తాను పెట్టుకున్న పేరు. కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఇలాగే నిద్రపోతోంది. నిద్రలో దాని చేతులు కదులుతాయి, నువ్వూ చూశావు, కలలో కబుర్లు చెబుతుందన్నమాట. నేను పక్కన కూర్చుని ఆ కల చదువుకుంటూ ఉంటాను. తాత, పడవ, కాకి అని ఏవేవో చెప్పింది. తర్వాత అరచెయ్యి తన మొహం ముందు నిలువుగా పెట్టి, కదలకుండా అలాగే ఉంచేసింది. అదేమిటో నాకు అర్థం కాలేదు. లేచాక అడిగాను. నాన్న అంది. మరి గడ్డం కింద గీత ఏదీ అన్నాను. అది పాత నాన్న అంది. ఇప్పుడు నాన్న ఇలాగే ఉంటాడుగా, కదలకుండా, అని మళ్ళీ ఆ చెయ్యి మొహం ముందు పెట్టి చూపించింది.

బావా, ఆ మాట చెప్పేటప్పుడు దాని మొహంలో దిగులు లేదు. అది చూసే నాకు భయమేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆగిపోయే బొమ్మకి పేరు పెట్టుకుంది. మొన్న నీ ఉత్తరంలో అడిగావు చూడు, తేటగా కనిపించిన మొదటి రోజు నూకాలు అన్నిసార్లు గడ్డం కింద గీత గీస్తూ ఎందుకు ఏడ్చింది అని. నీ పేరు నీకు తిరిగి ఇచ్చింది, అంతే. మూడు నెలలు వేరే పేరుతో పిలిచినందుకు దానికి తోచినంతసేపు పిలిచింది.

కార్తీకమాసం మధ్యాహ్నానికి మళ్ళీ వస్తాను. ఆ వారమే దుర్గారావు అని ఒకతను ఊరి రోడ్డు దాకా కొత్త ఫైబర్ తీగ తెచ్చాడు. వచ్చేదీ పోయేదీ ఒకే వేగం అన్నాడు. నమ్మకుండా నూకాల్ని స్తంభం కిందికి తీసుకెళ్ళి, అతని పెట్టెకి నా ఫోన్ కలిపి, అక్కకి వీడియో చేశాను. పిల్ల నాలుగు మాటలు చెబితే అక్క ఐదు చెప్పింది. ఐదోది, పిల్ల పక్కకి తిరిగి చేతులతో గొణుక్కున్నది. గొణుగుడు కూడా వెళ్ళింది బావా! నేను అక్కడే స్తంభం పట్టుకుని ఏడ్చేశాను, రోడ్డున పోయేవాళ్ళు ఏమనుకున్నారో.

కానీ స్తంభం రోడ్డు మీద ఉంది, మన ఇల్లు సందు చివర. మధ్యలో సన్యాసిరాజు మేడ. దాని మీద ఓ ఇనపకమ్మీ పాతి తీగ కడితే తప్ప మనింటికి రాదన్నాడు దుర్గారావు. మన గుమ్మాలకీ వాళ్ళ గుమ్మాలకీ ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. అయినా వెళ్ళాను. వలలు సర్దుకుంటున్నాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. అంతా విన్నాడు. తర్వాత అతనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తీగదేటుంది, ఏసుకో. నీళ్ళల్లో మీ మావ సేపలు పట్టే బండ ఎక్కడుందో సెప్పు. నీకు తెల్దనకు. జొరం వచ్చినప్పుడు నిన్ను పడవెక్కించుకుని పోనాడు, ఊరంతా సూసినాం."

అవును, నాకు తెలుసు. నీకు ఇది కూడా చెప్పలేదు. కిందటేడు మావయ్యకి కామెర్లు ముదిరి ఇక తనపని అయిపోయిందనుకున్నాడు. నువ్వు సముద్రం మీద ఉన్నావు, కబురు అందలేదు. నీళ్ళ అడుగున ఉన్న ఆ బండ గుర్తులు నీకు చిన్నప్పుడు చెప్పాడు గానీ నీకేమైనా అయితే పిల్లకి చెప్పేవాళ్ళు ఉండాలి కదా అన్నాడు. ఆడది ఎక్కకూడని పడవ మీద నన్ను ఎక్కించాడు. తీరం వెనక్కి తగ్గుతూ ఉంటే దీపస్తంభం మెల్లిగా జరిగి కొండ మీదికి రావడం, రెండో వైపు గుర్తులు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం నేను అప్పుడే చూశాను. అవి కలిసిన చోట నీళ్ళు వేరే రంగులో లేవు, ఏమీ లేదు. అయినా అక్కడ ఒక గది తలుపు తెరిచినట్టనిపించింది. దోసిట్లో సముద్రం నీళ్ళు పట్టుకుని, మన ఇంటి బిడ్డకి తప్ప ఎవరికీ చెప్పనని గంగమ్మ మీద ఒట్టు వేశాను. ఆ గుర్తులేమిటో ఈ ఉత్తరంలో కూడా రాయను, పిన్ని సంచి ఎన్ని చేతులు మారుతుందో ఎవరికి తెలుసు.

రెండు రోజులు ఆలోచించాను. జీపీఎస్ పెట్టుకున్న పడవలు కూడా ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతాయని, మరపడవల వలలు అడుగంతా గీకేసినా ఆ బండ జోలికి రాలేవని, అందుకే అక్కడ ఇంకా చేప ఉందని నాకు తెలుసు. ఈ ఒక్క ఏడు కష్టపడి, ఇంజను కొనుక్కుని వచ్చేస్తాను, బండ మీద గేలాలు వేసుకుంటూ ఇక ఇంట్లోనే ఉంటాను అని నువ్వన్న మాట కూడా తెలుసు. దొంగ గుర్తులు చెప్పేద్దామా అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. కానీ సముద్రం మీదికి పోయేవాడికి తప్పుడు గుర్తు ఎలా చెప్పను? ఒట్టు తప్పడానికి మనసొప్పింది గానీ దానికి ఒప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే వెళ్ళి సన్యాసిరాజుకి చెప్పేశాను. గట్టు మీద నిలబడి చెప్పడం మరీ అన్యాయమనిపించి మోకాలి లోతు నీళ్ళలోకి దిగమన్నాను. ఇంకెవరికీ చెప్పనని అతని చేత దోసిట్లో నీళ్ళు పట్టించి ఒట్టు వేయించాను. నేను తప్పిన ఒట్టే అతని చేత వేయించానన్నమాట. నవ్వుతావో, తిడతావో నీ ఇష్టం.  మధ్యాహ్నానికి దుర్గారావు మేడ మీద కమ్మీ పాతాడు. సాయంత్రానికి మనింట్లో నెట్ డబ్బా మీద పచ్చ దీపం వెలిగింది. అప్పటికి నువ్వు సముద్రం మీద ఉన్నావు. సంక్రాంతి వెళ్ళేదాకా నీ పడవ రేవుకి రాలేదు, నూకాలు రోజూ ఆ పచ్చ దీపం ముందు కూర్చునేది.

నువ్వు కనిపించిన ఆ రోజు సంగతి నీకు చెప్పక్కర్లేదు. నువ్వు మాట్లాడుతుంటే నేను పక్కకి వచ్చి గోడకి ఆనుకున్నాను. మద్రాసు నుంచి మీ దీవులకి సముద్రం అడుగునే తీగ ఉందట, దుర్గారావు చెప్పాడు. పిల్ల చేతులు వెలుగైపోయి, గాజుదారంలో చేపల కింద నుంచి, ఓడల కింద నుంచి నీ దగ్గరికి పోతున్నాయి కదా అనుకుంటే కళ్ళు తిరిగినంత హాయిగా ఉంది. అంత హాయిలోనూ ఇది నీకెలా చెప్పాలా అని గుండె పీకుతూనే ఉంది.

ఇక ఇంకొక్కటి, అన్నిటికన్నా కష్టమైనది. సన్యాసిరాజు ఒడుపైన మనిషి, బండ దగ్గరికి వెంటనే వెళ్ళలేదు. శివరాత్రి పదిరోజులుందనగా వెళ్ళాడు. బుట్టల్నిండా గులివిందలు తెచ్చాడు. మావయ్య రేవులో ఆ చేపల్ని చూశాడు. చేప రంగు చూసి ఏ అడుగున బతికిందో చెప్పేవాడికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు కదా. ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నువ్వే సెప్పినావేటే?"

"నానే, మావయ్యా."

అంతే. తిట్టలేదు. రెండు రోజులు పెట్టింది తిన్నాడు, నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చొక్కా తొడుక్కుని సందులోకి నడిచాడు. పోట్లాటకి వెళ్తున్నాడని వెనకాలే పరిగెత్తాను. సన్యాసిరాజు గుమ్మం ముందు ఆగి, లోపలికి రమ్మన్నా పోకుండా, అక్కణ్ణించే చెప్పాడు.

"మా కోడలు సగవే సెప్పింది. ఉత్తరం పక్క లంగరు ఎయ్యకు. అమాసకి మూడ్రోజుల ముందు నుంచి అటు పోనే పోకు, అడుగునీరు తాడుతో పాటు పడవని లాగేత్తది. మా తమ్ముడు అక్కడే పోనాడు."

చిన్నమావయ్య దివిసీమ వైపు గాలివానలో పోయాడని కదా మనందరికీ చెప్పింది. అబద్ధం. ఆ బండ ఎక్కడుందో బయటపడుతుందని తమ్ముడు మునిగిన చోటు కూడా ముప్పై ఏళ్ళు నోట్లోంచి రానివ్వలేదు. శవాన్ని వెతకడానికి పడవలు వస్తామంటే వేరే వైపు పంపించాడట. అది కూడా ఆ గుమ్మం ముందే చెప్పాడు. సన్యాసిరాజు తలపాగా తీసేశాడు.

బావా, లంగరు సంగతి మావయ్య నాకు పడవలోనే చెప్పాడు. గుర్తులు చెప్పే కంగారులో నేనే మరిచిపోయాను. మొన్న అమావాస్యకి సన్యాసిరాజు పడవ అక్కడికి వెళ్ళుంటే ఇద్దరు కొడుకులతో సహా పోయేవాడు. మన పిల్లకి నాన్నని చూపించడానికి వాళ్ళింట్లో నాన్న లేకుండా చేసి ఉండేదాన్ని. ఒట్టు తప్పినందుకు కన్నా దీనికే నాకు నిద్ర పట్టడం లేదు.

మావయ్య ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అడిగిన దానికి ఊఁ అంటాడు. నాకు అది సబబే అనిపిస్తోంది. నువ్వు వచ్చాక నీ కోసం ఉండాల్సిన దాన్ని నేను నిన్ను అడక్కుండా పంచి పెట్టేశాను. ఇప్పుడక్కడ రెండు పడవలు నిలబడతాయి, నీకు వచ్చేది సగం. బాధగా ఉందా అంటే ఉంది, చాలా ఉంది. మళ్ళీ ఆ మధ్యాహ్నం వస్తే, పిల్ల మళ్ళీ ఆ చెయ్యి మొహం ముందు పెట్టి చూపిస్తే ఏం చేస్తావంటే, వెళ్ళి చెప్పేస్తాను. ఈసారి లంగరుతో సహా చెబుతాను.

నీకు కోపం వస్తుంది, రావాలి. ఒక్కటే అడుగుతాను. ఇన్నేళ్ళలో మనం ఎన్నిసార్లు పోట్లాడుకోలేదు! నూకాలుకి ఒక్కటీ వినబడలేదు. మనం మొహాలు ముడుచుకుని కూర్చుంటే, తనేం తప్పు చేసిందోనని వచ్చి మన ఇద్దరి కాళ్ళ దగ్గర పడుకునేది. అందుకని రేవుకి రాగానే నాకు విడిగా ఫోన్ చేసి తిట్టకు. వీడియో చెయ్యి. నేను నూకాల్ని పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఎంత తిట్టాలనుంటే అంతా తిట్టు, నోటితో కాదు, చేతులతో. ఒక్క మాట కూడా ఆగకుండా వస్తుంది. ఆ బండ దానిది కూడా కదా బావా, అదీ విననీ.

ఇట్లు,
నీ మేనత్త కూతురు, నీ నూకాలు తల్లి,
రాధ